తుపాకి ఎంపికకు ముందు ఇంటిని పరీక్షించండి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి వైద్యులకు వచ్చే ప్రశ్నలు సాధారణంగా మధుమేహం, రక్తపోటు, ప్రయాణంలో వెంట ఉంచుకోవలసిన మందుల చుట్టూ తిరుగుతుంటాయి. ఇటీవల వాటి సరసన మరొక ప్రశ్న చేరింది. "మా అమ్మాయి తుపాకి కొనుక్కుంటానంటోంది. ఆడవాళ్ళకు ఏది అనువుగా ఉంటుంది? శిక్షణ ఎంత అవసరం?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

తుపాకితో వైద్యునికేమి పని అని మీరు అనుకోవచ్చు. మన దేశంలో ఆయుధపు లైసెన్సు కోరేవారు తమ శారీరక, మానసిక ఆరోగ్యాన్ని గురించి వైద్యుని ధ్రువపత్రం సమర్పించాలి. మత్తు పదార్థాలకు బానిస కాదని కూడా అందులో ఉండాలి. ఆయుధాల వాడకంలో భద్రతా శిక్షణ పొందినట్లు చూపాలి. అమెరికాలో దుకాణంలో పిస్తోలు కొనడానికి సమాఖ్య చట్టం వైద్యుని సంతకం అడగదు. దరఖాస్తులోని ప్రశ్నలకు కొనేవారే సమాధానం రాస్తారు, ప్రభుత్వం నేరచరిత్ర వగైరా సరిచూస్తుంది. కాబట్టి అక్కడ ఆ వైద్య పరీక్ష ఏదో ఇంటివారే చేసుకోవాలి. ఆ పరీక్ష ఎలా చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టెక్సస్‌లో ఉన్న మా మేనకోడలు ఒక ఆసుపత్రిలో రాత్రి విధులు నిర్వహిస్తుంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. వారంలో నాలుగు రోజులు భర్త వేరే నగరంలో ఉంటాడు. అర్ధరాత్రి దాటాక కారు నిలిపిన చోటికి ఒంటరిగా నడవాలి. ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు, ఆరు నెలలకని వచ్చిన అత్తగారు ఉంటారు. ఒకనాడు ఫోను చేసి, "మామయ్యా, నా భయం ఊరికే వచ్చింది కాదు. తోటి ఉద్యోగినిని పార్కింగులో ఒకడు వెంబడించాడు. నాకు సలహా చెప్పు, వద్దని మాత్రం చెప్పకు" అన్నది. ఆమె కోరిక న్యాయమైనదే. అందుచేత ముందు ఆమె అడిగిన దానికే సమాధానం చెప్పాను. మీకూ అదే క్రమంలో చెబుతాను.

దుకాణాలలో "లేడీస్ గన్" అంటూ చిన్నగా, తేలికగా, ముచ్చటైన రంగులలో ఉండే తుపాకులను చూపుతారు. మన దేశంలోనూ 2014లో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం నుంచి స్త్రీల కోసమని "నిర్భీక్" అనే రివాల్వరు వచ్చింది. అరకిలో బరువు, లక్ష రూపాయలు దాటిన ధర. అయితే చిన్న తుపాకి చిన్న చేతికి సుఖమనుకోవడం పొరపాటు. ఒకే తూటాను తేలికైన తుపాకితో పేల్చినప్పుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ ఎక్కువగా ఉంటుంది. బరువైనది ఆ దెబ్బలో కొంత తానే భరిస్తుంది. భర్త ముచ్చటపడి కొనిచ్చిన బుల్లి తుపాకి రెండుసార్లు పేల్చి, మణికట్టు నొప్పితో పెట్టెలో పడవేసే స్త్రీలు అక్కడ చాలామంది ఉన్నారని శిక్షకులు చెబుతారు.

రివాల్వరు నిర్మాణంలో సరళమైనది. కాని గుర్రాన్ని వెనక్కి లాగకుండా నేరుగా పేల్చడానికి దాని ట్రిగ్గరును సుమారు 5 కిలోల బలంతో నొక్కాలి. పిస్తోలుకు దాదాపు అందులో సగం చాలు. అయితే పిస్తోలు పైభాగాన ఉండే స్లైడును స్ప్రింగు బలానికి ఎదురుగా వెనక్కి లాగాలి. ప్రసవం తరువాత బొటనవేలి వైపు మణికట్టు నొప్పి, చేతి తిమ్మిర్లు, కీళ్ళవాతం ఉన్నవారికి ఇది కష్టం. పట్టు సరిగా ఉండి, వేళ్ళను మెలితిప్పకుండా చూపుడువేలి కొన ట్రిగ్గరును తాకగలగాలి. నలభై దాటినవారు తమ కళ్ళద్దాలతో తుపాకి ముందుభాగపు గుర్తు స్పష్టంగా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ దుకాణపు అద్దాల బల్ల దగ్గర తేలవు. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని నాలుగైదు రకాలు పేల్చి చూడాలి. ఎంచుకోవలసింది వాడబోయే స్త్రీయే. ఆమె బదులు భర్తో, సోదరుడో ఎంచుకోవడం చెప్పుల కొలత మరొకరు ఇవ్వడం వంటిది.

రేంజికి వెళ్ళేవారికి మూడు ఆరోగ్య జాగ్రత్తలు. తుపాకి మోత 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క మోతతోనే వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కనుక చెవిలో బిరడాలు, వాటిపైన కప్పులు, రెండూ ధరించండి. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. తూటా పేలినప్పుడు సీసపు ధూళి లేస్తుంది. అది చేతులకు, దుస్తులకు అంటుకుని ఇంటికి వస్తుంది. సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకున్న తరువాతే పిల్లలను ఎత్తుకోవాలి. గర్భిణులు రేంజికి వెళ్ళకపోవడమే మేలు. సీసం మాయను దాటి శిశువును చేరుతుంది, గర్భంలోని శిశువు చెవులకు మనం కప్పులు తొడగలేము.

ఇక శిక్షణ. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. లైసెన్సు కావాలనుకునేవారికి తరగతి 4 నుంచి 6 గంటలు, ఆపైన గురి పరీక్ష. ఆరు గంటలలో ఎవరూ కారు నడపడం కూడా నేర్వలేరు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే భావించాలి, నాశనం చేయదలచని దేనివైపూ గొట్టాన్ని తిప్పరాదు, గురి నిశ్చయమయ్యే వరకు వేలు ట్రిగ్గరు మీద ఉంచరాదు, గురినీ దాని వెనుక ఉన్నదానినీ ఎరిగి ఉండాలి. ఈ నాలుగు సూత్రాలు నాలుకకు కాదు, చేతికి రావాలి. అమెరికా ఇళ్ళ లోపలి గోడలు పలుచని జిప్సం పలకలు. తూటా వాటిని దాటి పిల్లల గదిలోకి వెళుతుంది. పిస్తోలు నుంచి మ్యాగజైను తీసివేసినా లోపల ఒక తూటా మిగిలి ఉండవచ్చు. "ఖాళీదే కదా" అన్న మాట తరువాత జరిగిన ప్రమాదాలు ఎన్నో. భయం వేసినప్పుడు గుండె వేగం పెరిగి వేళ్ళ నేర్పు తగ్గుతుంది, చూపు సన్నబడుతుంది. అందువల్ల నెలనెలా సాధన చేయలేనివారికి ఆయుధం ధైర్యాన్నిస్తుందే గాని రక్షణ ఇవ్వదు.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని న్యాయవాదితో సరిచూసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. కొనలేని మనిషి కోసం మరొకరు తమ పేరుతో కొనిపెట్టడం నేరం.

ఇంతవరకు నేను చెప్పినది తుపాకి గురించి. ఇక ఇంటి గురించి చెప్పాలి.

ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన కాలంలో పురుగుమందు తాగినవారిని నేను లెక్కకు మిక్కిలిగా చూశాను. బతికినవారిని మరునాడు పలకరిస్తే, ఎక్కువమంది చచ్చిపోవాలని ఏనాటి నుంచో అనుకున్నవారు కారు. ఏదో మాట పడింది, మనసు విరిగింది, పొలానికని తెచ్చిన డబ్బా మూలన ఉంది. ఆ ఆవేశానికీ, ఆ పనికీ మధ్య గడిచినవి కొద్ది నిమిషాలే. డబ్బా అందకపోతే ఆ నిమిషాలు దాటిపోయేవి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1990లలో నిషేధించారు. 1995 నుంచి 2005 మధ్య ఆ దేశపు ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. కష్టాలు తగ్గినందువల్ల కాదు, చేతికందేది మారినందువల్ల.

తుపాకిని నేను ఈ కళ్ళతోనే చూస్తాను. పురుగుమందు తాగినవారిలో చాలామందిని మేము బతికించగలిగాము. తుపాకితో ఆత్మహత్యకు యత్నించినవారిలో పదిమందికి తొమ్మిదిమంది బతకరు. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది మరణించారు. వారిలో సగానికి పైగా తమ చేతులతో తామే మరణించినవారు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పన్నెండేళ్ళపాటు గమనించిన అధ్యయనం 2020లో వెలువడింది. చేతి తుపాకి సొంతంగా ఉన్న స్త్రీలు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం, లేని స్త్రీలతో పోలిస్తే 35 రెట్లు అధికమని తేలింది. పురుషులలో అది 8 రెట్లు. ఇతర మార్గాలలో ఆత్మహత్యలు మాత్రం వారిలో ఎక్కువ లేవు. అదే పరిశోధకులు 2022లో మరొక ఫలితం ప్రకటించారు. చేతి తుపాకి యజమానితో ఒకే ఇంట్లో ఉండేవారు జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు గురై మరణించే అవకాశం ఏడు రెట్లు. అలా మరణించినవారిలో 84 శాతం స్త్రీలు. పార్కింగులోని అపరిచితుని కోసం కొన్నది ఇంటిలోని పరిచితుల మధ్యనే ఉంటుందని ఈ అంకెల సారాంశం.

కనుక మా మేనకోడలిని నాలుగు ప్రశ్నలు అడిగాను. మీరూ అడగండి. ఇంట్లో పిల్లలు గాని, మతిమరుపు ఉన్న వృద్ధులు గాని ఉన్నారా? ఎవరైనా మద్యానికో, నిద్రమాత్రలకో అలవాటు పడి ఉన్నారా? దంపతుల మధ్య చేయి చేసుకోవడం, బెదిరించడం ఉందా? ఇంటిలో ఎవరైనా దిగులుతో బాధపడుతున్నారా, గతంలో పడ్డారా? మొదటి మూడింటికి ఆమె వెంటనే బదులు చెప్పింది. నాలుగో దానికి చాలాసేపు పలకలేదు. ఆ తరువాత, చిన్నవాడు పుట్టాక ఏడాదిపాటు తాను ఏ స్థితిలో ఉన్నదీ చెప్పింది. అది భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. "అప్పుడు అది ఇంట్లో ఉండి ఉంటే, మామయ్యా..." అని అక్కడితో ఆగింది. నేను ఆ వాక్యాన్ని పూర్తి చేయమని అడగలేదు.

ఆమె ప్రస్తుతానికి ఇలా నిర్ణయించుకుంది. రేంజిలోని తుపాకితో శిక్షణ కొనసాగిస్తుంది, ఇంటికి మాత్రం తేదు. రాత్రి విధులు ముగిశాక ఆసుపత్రి భద్రతా సిబ్బంది కారు దాకా తోడు వస్తున్నారు. అడిగితే వచ్చే ఆ సౌకర్యం ముందు నుంచీ ఉన్నదే. ఇద్దరు తోటి ఉద్యోగినులు కలిసి బయలుదేరుతున్నారు. ఇంటి తలుపులకు గట్టి గడియలు, వెలుపల దీపాలు అమర్చారు. ఇది అందరికీ వర్తించే తీర్పు అనను. ఊరికి దూరంగా దుకాణం నడిపే స్త్రీ పరిస్థితి వేరు కావచ్చు.

కొనాలనే నిశ్చయించుకున్నవారు ఉంచే చోటును ముందు కొనండి, తుపాకిని తరువాత కొనండి. వాడనప్పుడు తూటాలు తీసి, ఉక్కు పెట్టెలో తాళం వేసి, తూటాలను వేరొక తాళంలో ఉంచడం ఉత్తమం. తాళం సంకేతం పిల్లల పుట్టినరోజు కాకూడదు. పరుపు కింద, బీరువా పై అరలో, చేతిసంచిలో ఉంచరాదు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో, ఒక దుకాణంలో రెండేళ్ళ బాలుడు తల్లి చేతిసంచిలో చేయి పెట్టాడు. అందులోని తుపాకి పేలి ఆమె అక్కడే మరణించింది. ఆమెకు అనుమతి ఉంది, వాడుకలో అనుభవం ఉంది, తుపాకి కోసమే ప్రత్యేకమైన అర ఉన్న సంచి అది. ఇంటిలో ఎవరికైనా దిగులు కమ్మిన రోజులలో తుపాకిని ఇంటి నుంచి దాటించాలి. బంధువుల వద్దనో, దుకాణంలోనో భద్రపరచే వీలు ఆయా రాష్ట్రాల చట్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మానసిక ఆపదకు 988, మన దేశంలో 14416 నంబర్లకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. భర్త హింసకు జడిసి తుపాకి వెతుకుతున్న స్త్రీ ముందుగా 1-800-799-7233కు ఫోను చేయాలి. ఒకే ఇంట్లో ఉన్న ఆయుధం బలవంతుని చేతికే ముందు అందుతుంది.

చివరగా, మనుమలను చూడడానికి అమెరికా వెళ్ళే పెద్దలకు ఒక మాట. పిల్లలు ఆడుకోవడానికి పొరుగింటికి వెళ్ళేటప్పుడు ఆ ఇంట్లో కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అడుగుతాము. తుపాకి ఉందా, తాళంలో ఉందా అని కూడా అడగమని అక్కడి శిశువైద్యుల సంఘం తల్లిదండ్రులకు చెబుతోంది. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనవారిలో ఎక్కువ. వేరుశనగ పడని బిడ్డ గురించి ఎంత మామూలుగా చెబుతామో అంత మామూలుగా అడగండి. బాధ్యత గల ఇంటివారు నొచ్చుకోరు, తాళం చూపిస్తారు.