ఇజాజత్‌ను ఇటలీలో ఏమంటారు?

ఆళ్లగడ్డలో ఉండే మా ఆపా కొడుక్కి ఇటలీలోని తోరినోలో ఎమ్మెస్ సీటొచ్చింది. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే, ఇంక ఇటాలియన్ ఎందుకు మామూ అంటాడు. క్లాసు నాలుగైదు గంటలే కదా బేటా, మిగతా రోజంతా బతకాలి. ఇల్లు అద్దెకిచ్చే ముసలామె, కూరగాయల అంగడాయన నీకోసం ఇంగ్లీషు నేర్చుకుని కూర్చోరు.

అందుకని ఆదివారాలు నంద్యాలలో మా ఇంటికొస్తున్నాడు. ఇద్దరం కలిసే నేర్చుకుంటున్నాం.

తెలుగు తూర్పు ఇటాలియన్ అనే తారీఫ్ నికోలో దె కొంతి అనే వెనిస్ సౌదాగర్ పేరు మీద చెలామణిలో ఉంది. ఆ తారీఫ్ కంటే నాకు అతని తరీఖా నచ్చుతుంది. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన ఈ మనిషి, ముందు డమాస్కస్‌లో ఆగి అరబ్బీ, ఆ తర్వాత ఫార్సీ నేర్చుకుని, ఫార్సీ లిబాస్ తొడుక్కుని మరీ ముందుకు కదిలాడు.

మాట అచ్చుతో ముగియడం వరకూ పోలిక నిజమే. ఇంకోటి కూడా ఉంది. వాడు ఇంగ్లీషు అలవాటు కొద్దీ 'టుట్టో' అన్నాడు. కాదు, 'తుత్తో', మన తాతలోని త. 'కాసా' అంటే ఇల్లు, 'కస్సా' అంటే డబ్బులు కట్టే కౌంటరు. 'నోనో' తొమ్మిదోది, 'నొన్నో' దాదా. అమ్మ, అక్క, అన్న అనే నోటికి ఇదేం ముష్కిల్ కాదు.

ముష్కిల్ అంతా అదబ్‌లో ఉంది. మన దక్కనీలో అమ్మీని కూడా ప్యార్‌తో 'తూ' అనేస్తాం. అక్కడ ఇంటామెను 'లేయ్' అనాలి. దాని అసలు మానే 'ఆమె'. మగవాళ్లకు మర్యాద ఇచ్చినా అదే మాట!

నేను ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వచ్చినవాణ్ణి. ఛందస్సు కాలేజీలో వచ్చింది, మాట్లాడటం రిపోర్టరుగా తిరుగుతూ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో వచ్చింది. వెళ్తా అనకూడదు, వెళ్లొస్తా అనాలి. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, పక్కనబెడితే మేము. వ్యాకరణ పుస్తకంలో ఇది ఒక్క లైను. నంద్యాలాయనతోనే 'మా ఊళ్లో నీళ్లు రావడం లేదు' అంటే, ఇతనిదేదో వేరే ఊరనుకుంటాడు. 'మన ఊళ్లో' అంటే కుర్చీ జరుపుతాడు. నా పేరు విన్నాక ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో మీకు వేరే చెప్పాలా.

ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాల్లో 'పెర్మెస్సో ది సొజ్జోర్నో' అనే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. అదే 'పెర్మెస్సో' అనే మాట ఎవరింటికి పోయినా గడప దగ్గర అనాలి, వాళ్లే తలుపు తీసి రమ్మన్నా సరే. అచ్చం మన ఇజాజత్.

రొట్టె కొనేముందు 'స్త్రుత్తో' ఉందా అని అడగాలి. అది పంది కొవ్వు. కొన్ని రొట్టెల్లో కలుపుతారు. ఇక వాడు ఫోన్లో 'బార్‌లో ఉన్నా అమ్మీ' అంటే హైరానా పడొద్దని ఆపాకు ముందే చెప్పాం. అక్కడ బార్ అంటే పొద్దున కాఫీ తాగే చోటు. ఆమెకింకా యకీన్ కుదరలేదు.

పోయిన ఆదివారం ఆపా కూడా వచ్చింది. చదువయ్యాక తిరిగొస్తావు కదా అని అడిగింది. వాడు కొత్తగా నేర్చిన మాట విసిరాడు, 'మగారి'. ఏమన్నాడ్రా అని ఆమె నావైపు తిరిగింది. 'కాష్' అన్నాడని చెప్పాను. 'షాయద్' అనే మానే కూడా ఉంది. అది చెప్పలేదు.