రేసు కారుకు మా డక్ట్ పెట్టె

దుబాయ్‌లో రేస్ ట్రాక్ కాడ షెడ్డుకు ఏసీ డక్ట్ పని చేస్తున్నాం మేము, ఎనిమిది మందిమి.

పక్క గ్యారేజీలో ఒక మలయాళీ మెకానిక్ తల పట్టుకొని కూసున్నడు. కారు మొదటి రౌండ్ బాగనే ఉరుకుతది, మూడో రౌండ్‌కు పవర్ పడిపోతది. బానెట్ ఎత్తి చూపించిండు. గాలి ఫిల్టర్ రేడియేటర్ వెనకాల్నే ఉంది, అడ్డం ఏం లేదు. బయట 40 డిగ్రీలు, ఫిల్టర్ కాడ 66! వేడి గాలి పలుచన. 66 నుంచి 40కి దించితే ఇంజిన్‌కు నూటికి 8 వంతులు ఎక్కువ గాలి అందుతది. పైగా వేడికి ఇంజిన్ కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తదట, అట్ల ఇంకింత పవర్ పోతది.

గిది మా పనే కదా అనుకున్నం. మిగిలిన జీఐ షీట్ ముక్కతో మా జగిత్యాల తమ్ముడు ఫిల్టర్ చుట్టూ పెట్టె మడిచిండు. బయట ఇన్సులేషన్, పైన బానెట్‌కు ఆనేటట్టు రబ్బరు, ముందు బంపర్ నుంచి 4 అంగుళాల పైపు. మొదటి పెట్టె రేడియేటర్ హోస్‌కు తగిలింది, మళ్లీ కోసినం. మూడు రౌండ్లు తిప్పినంక చూస్తే 46. బయటి గాలికన్న సల్లగ ఎట్లనూ కాదు.

"మీలో డక్ట్‌మ్యాన్ ఎవరు?" అని అడిగిండు మెకానిక్. అందరం తమ్ముణ్ణే చూపించినం. ఏడాది నుంచి పని డక్ట్‌మ్యాన్‌ది, జీతం హెల్పర్‌ది. పెట్టె ఫోటో మా ఆఫీసుకు పంపినం. ఇంకా జవాబు రాలేదు.