తాళము తీసిన పత్రికలు

గతసంవత్సరము నా చెల్లెలి కుమారునకు డుషేన్ కండరక్షీణతయని వైద్యులు నిర్ణయించిరి. అయిదేండ్ల బాలుడు. మోకాళ్ళపై చేతులూని లేచుచుండెడివాడు. మేము సోమరితన మనుకొంటిమి. ఆ రాత్రి నా కుమార్తె యంతర్జాలములో ఆ వ్యాధినిగూర్చిన శాస్త్రవ్యాసములు వెదకెను. పేరు కనబడును, నాలుగు పంక్తుల సారాంశము కనబడును, తరువాత తాళము! ఒక్క వ్యాసమునకు ముప్పది డాలర్లకు పైగా నడిగిరి. మా యింటి నెల బియ్యపు ఖరీదు దానికంటె తక్కువయే.

సోదరీమణులారా, అట్టి వ్యాసములు వ్రాసిన శాస్త్రజ్ఞులకు పత్రికలవారు పారితోషిక మీయరు. వానిని పరీక్షించు పండితులును సాధారణముగా ఊరకనే పరీక్షింతురు. పరిశోధనకైన వ్యయము పెక్కుచోట్ల ప్రజల పన్నులనుండి వచ్చును. చందా మాత్రము ప్రచురణకర్తలకు. ఈ లెక్క నాకిప్పటికిని మింగుడుపడలేదు.

మరునాడు అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయమువారి పబ్‌మెడ్ సెంట్రల్ అను భాండారమున ఒక వ్యాసము సాంతముగా తెరచుకొనెను. ఈ తలుపు తీసినవా రెవరని విచారింపగా, పలువురి నడుమ ఎలిజబెత్ మారిన్‌కోలా యను నామె పేరు తగిలెను. ఆమె ప్రయోగశాలలో పనిచేయు శాస్త్రజ్ఞురాలు కాదు. 1991 మొదలు 2005 వరకు అమెరికా జీవకణశాస్త్ర సంఘమునకు కార్యనిర్వాహకురాలు. లెక్కలు చూచుట, సభలు జరుపుట, సభ్యులకు నచ్చజెప్పుట ఆమె పని. అనగా మనము చేయుపనియే, మరింత పెద్దయింటిలో.

అట్టి సంఘములు పెక్కింటికి పత్రికాచందాయే జీవనాధారము. ఊరక చదువనిచ్చినచో చందా యెవరు కట్టుదురని జంకుట సహజము. అయినను 2000 సంవత్సరము ఫిబ్రవరిలో ఆ భాండారము తెరచినపుడు, మొదట చేరిన రెండు పత్రికలలో ఈమె సంఘపు పత్రిక యొకటి. తాళ మొక్కసారిగా పారవేయలేదు సుమా. క్రొత్త వ్యాసములు రెండుమాసములు చందాదారులకు, ఆపైని అందరికి. పొదుపెరిగిన యిల్లాలి యుపాయము! సంఘము కూలలేదు, పత్రిక నేటికిని వెలువడుచున్నది. 2013లో ఆమె, ఉచితపఠనమునకే యేర్పడిన ప్లాస్ సంస్థకు ముఖ్యాధికారిణియయ్యెను. అటుపిమ్మట నైరోబీలోని ఆఫ్రికా శాస్త్రపరిషత్తునకు పోయెను.

ఇందొక ముల్లును కలదు. అట్టి పత్రికలలో పెక్కు, పాఠకునివద్ద తీసికొననిది రచయితవద్ద తీసికొనును. 2003లో ప్లాస్ తొలిపత్రిక వెలువడినపుడు వ్యాసమునకు రుసుము 1500 డాలర్లు. మన చిన్న కళాశాలల పరిశోధకురాండ్రు ఎక్కడ తెత్తురు? మినహాయింపులు లేకపోలేదుగాని, అడుగుటకు అభిమాన మడ్డువచ్చును. తాళము వీధివాకిటినుండి దొడ్డితలుపునకు మారినట్లు నాకు తోచును.

ఇక మాకు దొరకిన వ్యాసము మాట. అందు మందు లేదు. కాని యిట్టి బాలురలో ఇంచుమించు మూడింట నొకవంతునకు ఈ దోషము తల్లినుండి గాక క్రొత్తగా పుట్టుననియు, తల్లి వాహకురాలైనచో ఆమె గుండెనుగూడ పరీక్షింపవలెననియు నుండెను. అత్తగారు "నీ కడుపుదోషమే" యన్ననాటినుండి చెల్లెలు తన మాట తలపెట్టుటయే మానెను. ఆమె గుండెసంగతి అంతవరకు ఒక్కరును చెప్పలేదు. నా కుమార్తె ఆ పుటలు అచ్చుతీయగా, వైద్యుడు మా యెదుటనే చదివి చీటి వ్రాసెను. చెల్లెలికిని నాకును రక్తపరీక్ష జరిగెను.

ఆమె వాహకురాలే. గుండె ప్రస్తుతము బాగుగనున్నది, మరల చూపించుకొనుచుండవలెను. నా ఫలితము ఇంకను రాలేదు. నా కుమార్తె నన్నేమియు నడుగదు. తపాలావాడు వచ్చువేళకు మాత్రము గుమ్మమున నిలుచుండును.