దొంగ త్రాసు

నా వలన జరిగిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఒక వేసవిలో శిక్షణకు వెళ్లినప్పుడు, ప్రయోగశాలలో మెంతుల సారాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో పరీక్షించాము. కళ్లంలో తూర్పారబడితే పొట్టు దూరంగా, గింజ దగ్గరగా పడుతుంది కదా! ఈ యంత్రం కూడా అణువులకు విద్యుదావేశం కలిగించి, వాటి బరువును బట్టి వేరు చేస్తుంది. మెంతుల్లో 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే పదార్థం ఉంది. దాని బరువు 147. చిత్రమేమిటంటే, గ్లుటామిక్ ఆమ్లం బరువు కూడా 147! ఇంకా సూక్ష్మంగా తూచినప్పుడే మొదటిది 147.09, రెండవది 147.05 అని తేడా తెలుస్తుంది. మొదటిది క్లోమగ్రంథి కణాల నుండి ఇన్సులిన్ విడుదలను పెంచుతుందని 1998లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపించారు.

ఆ సంతోషంలో ఇంటికి వెళ్లాను. అమ్మ పోపు వేస్తోంది. "అమ్మా, ఆ మెంతుల్లో నీ షుగరుకు మందుంది" అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

అమ్మ నా మాట నమ్మి మాత్రలు మానేసి, మెంతుల నీళ్లే తాగింది. మూడు నెలలకు కాలిమీద పుండు పడి మానలేదు. చివరికి ఆసుపత్రిలో చిటికెన వేలు తీసివేయవలసి వచ్చింది. "చదువుకున్నవాడివి, నువ్వే చెప్పావు కదా నాయనా" అంది. ఆ మాటలో నింద లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ రాత్రి వరండాలో కూర్చుని ఆలోచించాను. మెంతుల్లో ఏముందో యంత్రం చెబుతుంది. అది ఎవరి ఒంట్లో ఎంత పనిచేస్తుందో చెప్పదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1990లో ప్రచురించిన పరీక్షలో మెంతిపిండితో రోగుల రక్తంలో చక్కెర తగ్గింది. అయితే వారు ఇచ్చింది రోజుకు 100 గ్రాములు, అదీ నూనె తీసిన పిండి! మన పోపులో పడేది చిటికెడు. పోనీ ఎక్కువగా తింటే, మాత్రలకు ఇదీ తోడై చక్కెర మరీ పడిపోవచ్చు.

సామెతల గ్రంథంలో దొంగ త్రాసును గూర్చి ఎన్నోసార్లు చదివాను. అది సంతలోని వర్తకుల కొరకే అనుకున్నాను. సగం సత్యం తూచి ఇచ్చిన నా నాలుక కూడా దొంగ త్రాసేనని ఆ రాత్రి గ్రహించి, కన్నీటితో ప్రార్థించాను.

అమ్మ ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. పప్పులో మెంతులూ వేస్తోంది. ప్రియులారా, మొక్కలనిచ్చిన దేవుడే వైద్యులకు జ్ఞానమిచ్చాడు. రెండింటికీ ఆయనను స్తుతిద్దాం. డాక్టరును అడగకుండా మాత్ర మాత్రం మానకండి.