ముందు లాస్టు, తర్వాతే బూటు

మాంబట్టులో అపాచీ కంపెనీ అడిడాస్ బూట్లు చేయడం మొదలుపెట్టాక తడ చుట్టుపక్కల ఆడపిల్లలకు పొలం పనీ ఇంటి పనీ కాక ఇంకో దారి కనబడింది. సూళ్లూరుపేట, వరదయ్యపాళెం, సత్యవేడు వైపు నుంచి షిఫ్టు బస్సుల్లో వచ్చేవాళ్లలో బూట్ల పని ముందే తెలిసినవాళ్లు తక్కువ. నేనూ ఈ పనిలోకి కుట్టుమిషన్ మీదే వచ్చాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు నేర్పిస్తున్నాను. కోత, కుట్టు, అంటింపు నేర్పాలని కాగితం మీద ఉంటుంది. మొదటి వారం మాత్రం సగం మాటలకే పోతుంది.

"అక్కా, నాకు ఇంగ్లీషు రాదు, టెన్త్‌లో పోయింది అదే" అని చేరిన రోజే చెప్పేసే పిల్లలుంటారు. రాని ఇంగ్లీషుతో ఇబ్బంది లేదు, చిక్కంతా వచ్చిన ఇంగ్లీషుతోనే. టంగ్ అంటే నాలుక అని బడిలో చదువుకున్నారు. ఇక్కడ లేసుల కింద ఉండే పట్టీ టంగ్. కౌంటర్ అంటే టికెట్లిచ్చే చోటు. ఇక్కడ మడమ వెనక గట్టిగా నిలబెట్టే ముక్క. క్వార్టర్ అనగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు, వాళ్లకు తెలిసిన క్వార్టర్ సీసాలో ఉంటుంది. బూటులో అది పక్కభాగం. సిమెంటు పూయమంటే ఇల్లు కడుతున్నామా అని చూస్తారు. మా దగ్గర సోల్ అంటించే జిగురే సిమెంటు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది లాస్ట్. కాలి ఆకారంలో ఉండే అచ్చు అది. ఒకప్పుడు కొయ్యతో చెక్కేవాళ్లు, ఇప్పుడు గట్టి ప్లాస్టిక్‌తో వస్తోంది. కుడికొకటి, ఎడమకొకటి, ప్రతి సైజుకూ వేరే జత. మధ్యలో కీలు ఉంటుంది. అక్కడ మడిస్తే పొట్టిదై బూటులోంచి బయటికొస్తుంది. కుట్టిన అప్పర్‌ను, అంటే బూటు పైభాగాన్ని, ఈ అచ్చు మీద తొడిగి, లాగి బిగించడమే లాస్టింగ్. ఆ పైన సోల్ ఎంతవరకు వస్తుందో గీత గీస్తారు, ప్రైమర్, సిమెంటు పూస్తారు, ఓవెన్‌లో వేడి చేసి సోల్ పెట్టి ప్రెస్ చేస్తారు, చిల్లర్‌లో చల్లబరుస్తారు. అప్పుడు అచ్చు లాగేస్తారు, అది డీలాస్టింగ్. యూకే లెక్కలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతే, సుమారు 8.5 మిల్లీమీటర్లు. అర సైజుకైతే అందులో సగం. కంటి అంచనాకు దొరికే తేడా కాదు, అచ్చు మీద నంబరు చదివి తీరాలి.

ఇక మాట సంగతి. తెలుగు నోటికి చివరిదీ లాస్టే, పోయిందీ లాస్టే, ఈ అచ్చూ లాస్టే. "లాస్ట్ పెయిర్ ఏదీ?" అని లైన్ లీడరు కేకేస్తే ఒకరు ఆర్డరులో ఆఖరి జత కోసం చూస్తారు, ఒకరు అచ్చుల ర్యాకు దగ్గరికి పోతారు, ఇంకొకరు ఏ జత పోయిందోనని కంగారు పడతారు. అందుకని పని చేసేవాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. లాస్ట్ అంటే అచ్చు మాత్రమే. చివరిది 'ఫైనల్', లేదంటే 'కడాది'. పోయింది 'మిస్సింగ్'. తమిళనాడులోని ఆరంబాక్కం వైపు నుంచి వచ్చేవాళ్లు 'కడైసి' అన్నా చెల్లుతుంది. దీనికి సర్క్యులర్ ఎవరూ ఇవ్వలేదు.

చదువు మీద ఆశ ఉన్న పిల్లలు ఫోన్‌లో వెదికి లాస్ట్‌కు సమానార్థాలు రాసుకొస్తారు: ఫైనల్, అల్టిమేట్, ప్రీవియస్. మంచిదే. కానీ 'లాస్ట్ వీక్' ఉన్నచోట 'ఫైనల్ వీక్' పెడితే గడిచిన వారం కాస్తా ఆఖరి వారం అయిపోతుంది. లిప్‌స్టిక్ ప్రకటనలో 'లాంగ్ లాస్టింగ్'కు చివరితో సంబంధమే లేదు, అక్కడ మన్నిక సంగతి. ఒక మాటకు బదులు ఇంకో మాట పెట్టామంటే ఆ చోటికే చెల్లుతుంది, అన్ని చోట్లకూ కాదు.

ఈ లాస్టుల పుట్టుక తెలుసుకున్నాక నాకు పాఠం చెప్పడం తేలికైంది. పాత ఇంగ్లీషులో అడుగుజాడకు ఉన్న మాట నుంచి అచ్చు లాస్ట్ వచ్చింది. ఆ జాడ వెంబడి పోవడం అనే అర్థం నుంచి కొనసాగడం, మన్నడం అనే లాస్ట్ వచ్చింది. చివర అనే లాస్ట్ మాత్రం 'లేట్' అనే మాటకు చెందింది. అంటే మొదటి రెండూ చుట్టాలు, మూడోది వాటితో పేరు కలిసిన పరాయిది. అడుగుభాగమైన సోల్ కథా అంతే. అది లాటిన్‌లో కాలి చెప్పుకు ఉన్న పేరు నుంచి వచ్చింది, ఒంటరి అనే సోల్ వేరే లాటిన్ మాట.

ఇంగ్లీషు అంటే జంకే పిల్లలకు యాన్ మాట్సెలిగర్ గురించి చెప్తాను. సురినామ్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు. అమెరికాలో దిగేనాటికి అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రమే. మసాచుసెట్స్‌లోని లిన్ అనే బూట్ల ఊరిలో పనికి కుదిరాడు. అప్పట్లో లాస్టింగ్ అంతా చేత్తోనే, చెయ్యి తిరిగినవాడు రోజంతా కష్టపడితే యాభై జతలు. మిగతా పనులకు మిషన్లు వచ్చినా అంతా అక్కడే ఆగేది. మాట్సెలిగర్ తయారుచేసిన లాస్టింగ్ మిషన్‌కు 1883 మార్చి 20న పేటెంట్ వచ్చింది. దానితో జతలు వందల్లోకి వెళ్లాయి. అతను 1889లోనే పోయాడు. 1991లో అమెరికా అతని పేర స్టాంపు వేసింది.

ఇంగ్లీషులో ఒక సామెత ఉంది, చెప్పులు కుట్టేవాడు తన లాస్టు దగ్గరే ఉండాలని. దీని వెనక రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ ఉంది. అపెల్లిస్ అనే చిత్రకారుడి బొమ్మలో చెప్పు సరిగా లేదని ఒక చెప్పులవాడు అంటే, అతను దిద్దుకున్నాడు. మర్నాడు అదే మనిషి బొమ్మ కాలికీ వంక పెడితే, చెప్పు దాటి పైకి రావద్దన్నాడు. నేను ఈ సామెత నేర్పను. లాస్టింగ్ దగ్గర నిలబడ్డ అమ్మాయికి అప్పర్‌లో ముడత కనిపిస్తే, అది బిగించడంలో వచ్చిందా, కుట్టులో వచ్చిందా, కోతలోనే వచ్చిందా అని వెనక్కి వెళ్లి అడగాలి. అడగాలంటే తన సెక్షన్ మాటలతో సరిపోదు, పక్క సెక్షన్ మాటలూ రావాలి. అలా అడిగినవాళ్లే క్వాలిటీలోకీ, లైన్ లీడర్లుగానూ వెళ్తున్నారు. అందుకే కుట్టు సెక్షన్‌కని వచ్చిన పిల్లకు కూడా సూదీ దారం కంటే ముందు లాస్టు చేతికిస్తాను.