ఓడలో అగ్రికో కాలమానం

సింగపూరు నుండి బయలుదేరే విహారనౌకలో నాలుగు రాత్రులు గడిపి వచ్చిన మా కుటుంబ అనుభవాన్ని మన పత్రికకు వ్రాయవలసినదిగా విభాగంలోని మిత్రులు కోరారు. ఓడలోని అంతస్తుల గురించి, ఈతకొలను గురించి, సంగీత కచేరీల గురించి వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయదలచినది గడియారం గురించి. అందుకు పాఠకులను ముందుగా జంషెడ్‌పూర్‌లోని అగ్రికోకు తీసుకువెళ్ళవలసి ఉంది. ఓడలో నేను చేసిన పొరపాటును దిద్దిన విద్య అక్కడిదే.

అగ్రికో అన్నది ఒక పేట పేరు. సిద్‌గోరాను ఆనుకొని, గోల్‌మురికి దగ్గరలో ఉంటుంది. పారలు, గునపాలు, గొడ్డళ్ళు మొదలైన వ్యవసాయపు పనిముట్ల పేరే పేటకూ నిలిచింది. ఆ ముద్ర వేసిన పారలు మన ఊళ్ళలోని ఇనుపసామాను దుకాణాల్లోనూ కనిపిస్తాయి. మా నాన్నగారు శ్రీకాకుళం వైపునుండి ఉపాధికోసం ఆ ఊరు చేరారు. మా బాల్యమంతా అగ్రికోలోని కంపెనీ క్వార్టరులోనే గడిచింది. ఇప్పుడు మా తమ్ముడు అక్కడి ఉక్కు కర్మాగారంలోనే పనిచేస్తూ అదే పేటలో ఉంటున్నాడు. అమ్మగారు వాడివద్దనే ఉంటారు.

అక్కడ పొద్దు మనకంటె ముందు పొడుస్తుంది. జూన్ నెలలో ఐదు గంటలకే సూర్యోదయం. అదే సమయానికి హైదరాబాదులో ఇంకా నలభై నిమిషాల చీకటి మిగిలి ఉంటుంది. డిసెంబరులోనైతే సాయంత్రం ఐదు దాటేసరికి దీపాలు పెట్టవలసిందే. కారణం సులువైనదే. మన దేశపు ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ ప్రాంతం మీదుగా పోతుంది. జంషెడ్‌పూర్ దానికి దాదాపు నాలుగు డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు గడియారంకంటె పావుగంట ముందు నడుస్తాడు. 1906లో ప్రామాణిక కాలం వచ్చినా కలకత్తా నగరం 1948 వరకు తన సొంత కాలాన్నే పాటించింది. అది దేశ కాలంకంటె సుమారు ఇరవైనాలుగు నిమిషాలు ముందు. అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు జరుపుకునే ‘బాగాన్ టైమ్’ పద్ధతి కూడా ఇటువంటిదే.

అయితే అగ్రికోవాసుల దినచర్యను నడిపినది సూర్యుడు కాదు, షిఫ్టు. ఎనిమిది గంటల పనిదినాన్ని ఆ కర్మాగారం 1912లోనే అమలుచేసింది. ఆరింటికి ‘ఎ’, రెండింటికి ‘బి’, రాత్రి పదింటికి ‘సి’. వారం మారేసరికి నాన్నగారి పగలూ రాత్రీ తారుమారయ్యేవి. విమానమెక్కకుండానే వారు ఖండాంతరాలు దాటి వస్తుండేవారన్నమాట. ‘సి’ షిఫ్టు వారంలో అమ్మగారు కిటికీకి నల్ల కంబళి కట్టి, మమ్మల్ని మైదానానికి తరిమేవారు. నాన్నగారికి నలభయ్యో ఏటనే చక్కెర వ్యాధి వచ్చింది. ఇన్సులిన్ సూది వేసే బాధ్యత అమ్మగారిదే. ఆ రోజుల్లో ఆమె ఎలా నెట్టుకొచ్చారో నేను ఏనాడూ అడగలేదు. నాన్నగారు గతించారు. ఇప్పుడు అదే వ్యాధి, అదే సూది ఆమెకు.

ఇక ప్రయాణం. కలకత్తానుండి సింగపూరుకు నాలుగు గంటల విమానయానం. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు జరపాలి. సింగపూరు ఉన్న రేఖాంశాన్ని బట్టి చూస్తే దాని సమయం ఏడు గంటల తేడాలో ఉండాలి. కాని 1982 నుండి వారు ఎనిమిది గంటల తేడా పాటిస్తున్నారు. అందువల్ల అక్కడ ఉదయం ఏడు గంటల ప్రాంతంలోగాని పొద్దు పొడవదు. తూర్పుకు పోవడం పడమటికి పోవడంకంటె కష్టం. మన శరీరంలోని గడియారం చాలామందిలో ఇరవైనాలుగు గంటలకంటె కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. దానికి రోజును పొడిగించుకోవడం సులువు, కుదించుకోవడం కష్టం.

ఇంజనీరును గనుక నేను బయలుదేరకముందే కంప్యూటరులో పట్టిక తయారుచేశాను. రోజుకు అరగంట చొప్పున భోజనం, నిద్ర, ఇన్సులిన్ ఎలా జరపాలో రంగురంగుల గడులలో నింపాను. వైద్యుణ్ణి సంప్రదించాను, వారు రెండు మాటలలో చెప్పినదానికి నేను రెండు పేజీలు చేశాను. అమ్మగారు ఆ కాగితాన్ని చూసి, మడిచి సంచిలో పెట్టుకున్నారు.

మాకు దొరికినది కిటికీ లేని లోపలి గది. చౌక గనుక తీసుకున్నాను. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మొదటిరోజు నేను తొమ్మిదింటిదాకా నిద్రపోయి, ఆ రాత్రంతా మేలుకొని ఉన్నాను. రెండవరోజునుండి తెల్లవారుతూనే అమ్మగారు నన్నూ మా ఆవిడనూ లేపి పైఅంతస్తుకు నడిపించారు. “ఎండ మొహాన పడితేగాని ఒళ్ళు లేవదు నాయనా” అన్నారు. కొత్త ఊరి కాలానికి శరీరాన్ని అలవాటు చేసేది ముఖ్యంగా వెలుతురేనని శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇదే.

ఓడ పెనాంగు మీదుగా ఫుకెట్ చేరింది. మలేషియాది సింగపూరు సమయమే. థాయిలాండుది గంట వెనుక. ఓడ మాత్రం తన సమయాన్ని మార్చలేదు. తిరిగి ఓడ ఎక్కవలసిన వేళనూ ఓడ సమయంలోనే ప్రకటించారు. నా చేతిలోని ఫోను ఒడ్డు సంకేతం అందగానే తనంతట తాను గంట వెనక్కి జరిగింది. ఇది గమనించి రోజంతా మనసులో గంట కలుపుకుంటూ తిరిగాను. అమ్మగారు ఎండలో బాగా నడిచారు, మధ్యాహ్నం పళ్ళు తప్ప ఏమీ తినలేదు. సమయానికి అందరం ఓడ చేరాము. నా మీద నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

ఓడ కదిలిన తరువాత ఫోను ఓడలోని సంకేతాన్ని అందుకొని మళ్ళీ ఓడ సమయానికి వచ్చేసింది. అది నేను గమనించలేదు. ఫోనులో ఆరున్నర చూసి, గంట కలిపి ఏడున్నర అనుకున్నాను. ఎనిమిదింటికి భోజనం గదా అని సూది వేశాను. కొలతలో ఒకే సవరణను రెండుసార్లు చేయడం మన పనిలో శిక్షణార్థులు చేసే తప్పు. ముప్పై ఏళ్ళ అనుభవం తరువాత నేనే చేశాను.

భోజనశాల తలుపులు మూసి ఉన్నాయి. పొరపాటున ముందే వచ్చామని మా ఆవిడ అంటుండగానే అమ్మగారి నుదుటిమీద చెమట కనిపించింది. చేతులు వణికాయి. మాట తడబడింది. నేను ఫోనువైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె మాత్రం గోడకు ఆనుకొని కూర్చుని కొంగుముడి విప్పి, అందులోని బెల్లపుముక్క నోట్లో వేసుకున్నారు. మా ఆవిడ పరుగెత్తి పై అంతస్తునుండి పండ్లరసం, రొట్టె తెచ్చింది. పావుగంటలో ఆమె తేరుకున్నారు. నాకు తేరుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

ఆ రాత్రి ఆమె చెప్పిన మాట ఇది: “మీ నాన్నగారికి ‘సి’ షిఫ్టు అయితే ఉదయం ఏడింటికి, ‘బి’ అయితే రాత్రి పదకొండింటికి భోజనం. గడియారం చూసి సూది వేస్తే ఆ మనిషి ఎప్పుడో పోయేవారు. అన్నం వార్చి, కంచం ముందు పెట్టాకే సూది. ఒకరోజు ఆయన షిఫ్టు అయ్యాక కూడా ఆగిపోయారు, రెండు గంటలు ఆలస్యమైంది. సూది ఇంట్లోనే ఉంది, ఆయన ప్రాణమూ నిలిచింది.”

నా పట్టికను చింపివేయలేదు గాని, అందులో ఇన్సులిన్ గడిని కొట్టివేసి ‘కంచం ముందు’ అని వ్రాశాను. మిగిలిన రోజులు ఇబ్బంది లేకుండా గడిచాయి. తిరిగివచ్చాక వైద్యునికి చూపించగా, ఆమె వాడే మందుకు ఆ పద్ధతి సరిపోతుందన్నారు. ఒక్కొక్కరి మందు ఒక్కొక్క తీరు గనుక, ఇటువంటి ప్రయాణం తలపెట్టిన మన ఉద్యోగ మిత్రులు తమ వైద్యుని అడిగే బయలుదేరాలి. ఫోను తనంతట తాను సమయం మార్చుకునే ఏర్పాటును ఆపివేసి, ఓడ సమయానికి ఒక మామూలు చేతిగడియారం పెట్టుకుంటే ఇంకా మేలు.

కలకత్తానుండి రైలులో టాటానగర్ చేరి, అమ్మగారిని అగ్రికోలో దించాను. ఆ రాత్రి రెండున్నరకే నాకు మెలకువ వచ్చింది; సింగపూరులో ఐదయింది. మళ్ళీ నిద్ర పట్టలేదు. ఐదింటికి వంటింట్లో దీపం వెలిగింది. మా తమ్ముడిది ఆ వారం ‘ఎ’ షిఫ్టు. అమ్మగారు పొయ్యిమీద గిన్నె పెట్టి, నన్ను చూసి, “ఇంకా ఓడలోనే ఉన్నావా? వీధిలోకి పోయి కాసేపు ఎండలో తిరిగిరా” అన్నారు. చెప్పులు వేసుకున్నాను. అప్పటికే వీధిలో డ్యూటీకి పోయేవారి మోటారు సైకిళ్ళు వరుస కట్టాయి.