పాలు పొంగేదాకా ఆగిన సన్నాయి

విజయవాడలో నందిగామ బస్సెక్కి తెల్లవారకముందే కీసరలో దిగాను. హైదరాబాదు రోడ్డు మీద పోయేవాళ్ళకి కీసరంటే టోల్‌గేటు, మునేరు వంతెన, అంతే. ఊరు చూడాలంటే రోడ్డు దిగి నడవాలి. మిత్రుడి కొత్త ఇల్లు ఏ సందులోనో తెలియలేదు. పాలకేనుతో ఎదురైన పెద్దాయన్ని అడిగితే, "మేళం వినపడటంలా? ఆ చప్పుడు పట్టుకుని పోండి" అన్నాడు. నిజమే, చీకట్లో డోలు మోగుతోంది!

వాకిట్లో చాప మీద ఇద్దరే. డోలాయన కుడిచేతి వేళ్ళకి గట్టి తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. సన్నాయి ఆయన రెల్లు పీకని పెదాలతో తడుపుకుంటూ వంటింటి వైపే చూస్తున్నాడు. ఎందుకో కాసేపటికి గాని అర్థం కాలేదు. లోపల కొత్త పొయ్యి మీద పాలు పెట్టారు. అవి ఎంతకీ పొంగవు. ఆయన తొందరపడలేదు, రాగాన్ని నెమ్మదిగా సాగదీస్తూ కూర్చున్నాడు. నురగ గిన్నె అంచు దాటిందో లేదో, తల ఊపాడు. గట్టిమేళం! ఒళ్ళు ఝల్లుమంది.

మా విశాఖ అపార్ట్‌మెంట్లలో గృహప్రవేశానికి స్పీకర్లో సన్నాయి పెడతాం. పాలు పొంగినా పొంగకపోయినా అది తన దారిన సాగిపోతుంది. ఇక్కడ పాట ఇంటి పని కోసం ఆగింది.

వ్రతమయ్యాక భోజనాలు. కంద బచ్చలి కూర, గోంగూర పచ్చడి, చిల్లు పెట్టి నెయ్యి పోసిన పూర్ణాలు. పంక్తిలో సన్నాయి ఆయన నా పక్కనే కూర్చున్నాడు. మాటల్లో సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబు పేరెత్తగానే ఎంగిలిచెయ్యి పక్కకి తీసి, ఎడమచేత్తో కళ్ళకద్దుకున్నాడు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్న మహానుభావుడాయన. ఆయన చేపట్టిన వాద్యాన్ని నేనెప్పుడూ సభల్లో వెనక వరుసల్లోంచే విన్నాను. ఇక్కడ వాయించేవాడి బుగ్గలు ఉబ్బడం, ఊపిరి అందుకోవడం కూడా కనిపిస్తున్నాయి.

మధ్యాహ్నం ఇంటి మామ్మగారు త్యాగరాజ కీర్తన ఒకటి అడిగారు.

"పల్లవి చాలా అమ్మా, మొత్తమా?"

"మొత్తం వాయించు నాయనా."

ఆవిడ మోకాలి మీద తాళం వేస్తూ, ఒక సంగతి దగ్గర "మళ్ళీ" అన్నారు. ఆయన మళ్ళీ వాయించాడు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. నేను కూడా ధైర్యం చేసి "మళ్ళీ" అన్నాను. వాయించాడు!

అటువైపు శుభకార్యానికి మీకు పిలుపొస్తే ముహూర్తానికి ముందే చేరండి. డోలు పక్కన కాకుండా సన్నాయికి ఎదురుగా కూర్చోండి. కావలసిన కీర్తన మొహమాటపడకుండా అడగండి. ముందు మాత్రం మేళం వాళ్ళని కడుపునిండా భోంచెయ్యనివ్వండి.